లేట్ అప్పలస్వామి గారి రిలీవింగ్ ఆర్డరు

పరిమళకు దొరికిన మెంటరు చనిపోయి నాలుగేళ్లయింది, అయినా రోజూ ఉదయం పదింటికల్లా డ్యూటీలో ఉంటారు.

పరిమళ విజయనగరంలో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు టైపు చేస్తుంది. అక్కడ వాడే ‘తలకట్టు’ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఓపికుంటే ఎవరైనా బాగుచెయ్యవచ్చు. అందులో ఒక లోపం ఉంది: ‘క్ష’ కింద మ ఒత్తు నిలవదు. మొన్న వైశాఖంలో శ్రీలక్ష్మి అనే పెళ్లికూతురి పేరు కార్డు మీద రెండు ముక్కలైంది. ఒత్తు కింది వరుసలోకి జారి పెళ్లికొడుకు నెత్తిన పడింది. పిల్ల తల్లి షాపులోనే కూలబడి ఏడ్చింది. ఇంకో లక్ష్మి విరిగితే వేరే పని చూసుకోమని ఓనరు పరిమళకు చెప్పాడు.

ఆ అక్షరమేదో తానే బాగుచేద్దామని, ‘తలకట్టు’ ప్రాజెక్టు గ్రూపులో “నేను కొత్త. ఎవరైనా నేర్పిస్తారా?” అని రాసింది. పదకొండు మంది స్వాగతం చెప్పారు. ఒకరు మెంటర్ల జాబితా పంపారు. అందులో ఐదు పేర్లున్నాయి. ముగ్గురు జవాబే ఇవ్వలేదు. నాలుగో ఆయన తానూ మెంటరు కోసమే వెతుకుతున్నానని, దొరికితే తనకూ చెప్పమని రాశాడు. ఐదో పేరు లేట్ గంటేడ అప్పలస్వామి. ఊరు విజయనగరమే. పేరు ముందు ఉన్న మాట చూసి, పాపం ఆలస్యంగా లేస్తారు కాబోలనుకుని పరిమళ పదిన్నరకు వెళ్లింది.

అప్పలస్వామి గారు టెలిఫోన్స్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. దండ వేసిన తన ఫోటో కిందే కుర్చీ వేసుకుని కంప్యూటర్లో మెయిళ్లు చూస్తున్నారు.

“అరగంట లేటు,” అన్నారు.

“మీరే లేటని రాశారండి.”

“అది వేరే లేటమ్మా. కూర్చో.”

ప్రాజెక్టు నియమావళిలో పద్నాలుగో నిబంధన ప్రకారం, బాధ్యతలు మరొకరికి అప్పగించకుండా ఎవరూ తప్పుకోకూడదు. ఆయన పోయిన వారానికే భార్య రవణమ్మ మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి దరఖాస్తు పెట్టింది. ఉపసంఘం మూడుసార్లు సమావేశమై, మరణం వ్యక్తిగత కారణాల కిందికి వస్తుందని తేల్చింది. ప్రగాఢ సంతాపం తెలుపుతూ, పెండింగులో ఉన్న రెండొందల పదమూడు ఫిర్యాదుల సంగతి అదే ఉత్తరంలో గుర్తుచేసింది.

“ఏటి సెప్పమంటావు తల్లీ,” అంది రవణమ్మ కాఫీ ఇస్తూ. “ఏడాది తద్దినం నాడు పంతులుగారు పేరు సెప్పి పిలుస్తుంటే, ఒక్క నిమిషం ఆగండి, మెయిలొచ్చింది అన్నారీయన.”

పరిమళ రోజూ పనికి వెళ్లే ముందు గంటసేపు వచ్చేది. కోడ్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పించుకుంది. చిన్నచిన్న సందేహాలు అడగాలంటే నామోషీగా ఉండేది. ఆయనే పసిగట్టారు.

“తెలీదని సెప్పడానికి సిగ్గేటమ్మా? నేను పోయాక నేర్సుకున్నవే ఎక్కువ.”

రెండో నెలలో లోపం ఎక్కడుందో పరిమళ పట్టేసింది. కోడ్‌లో ఒకే ఒక్క వరుస తప్పు. సరిచేసి ‘లక్ష్మి’ అని కొట్టింది. మ ఒత్తు క్ష కింద బుద్ధిగా నిలబడింది. పరిమళ చప్పట్లు కొట్టింది. అప్పలస్వామి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని మళ్లీ చూశారు. నాలుగేళ్లలో ఆ ఇంట్లో అంత సంతోషం లేదని రవణమ్మ అంది.

ఆ తర్వాత ఆయన బల్ల సొరుగులోంచి రిలీవింగ్ ఫారం తీశారు. స్వీకరించువారి సంతకం అన్నచోట వేలు పెట్టి చూపించారు. చేరిన తేదీకి గడి ఉంది. విడుదల తేదీకి గడి లేదు.

“నేను ఒక్క అక్షరం కోసం వచ్చానండి,” అంది పరిమళ.

“నేనూ ఒక్క అక్షరం కోసమే వచ్చానమ్మా. పంతొమ్మిదేళ్ల కిందట. ఱ.”

రవణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పరిమళ ఆమె వంక ఒకసారి చూసి సంతకం పెట్టింది.

ఆయన కంప్యూటర్ కట్టేశారు. కాఫీ పూర్తిచేసి, గ్లాసు తానే కడిగి బోర్లించారు. “ఎల్లొస్తానే,” అన్నారు. “రావొద్దు, ఎల్లండి,” అంది రవణమ్మ. గదిలో కుర్చీ మిగిలింది.

ఆ ఏడు మాఘంలో పరిమళకు పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయి హరగోపాల్, హైదరాబాదులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. దాపరికం ఎందుకని పరిమళ పద్నాలుగో నిబంధన గురించి ముందే చెప్పేసింది.

“మా కంపెనీలోనూ అంతేనండి,” అన్నాడతను నెమ్మదిగా. “కాకపోతే మాకు కాగితం మీద రాయలేదు.”

పరిమళ అతని కళ్ల కింద నల్లటి చారలు చూసింది. “మీరు పోయి ఎన్నాళ్లయింది?”

“వచ్చే నెలకి రెండేళ్లండి. అమ్మావాళ్లకి ఇంకా చెప్పలేదు.”

కింద పెద్దవాళ్లు ముహూర్తాలు చూస్తున్నారు. అబ్బాయి నెమ్మదస్తుడని, ఉద్యోగంలో బాగా స్థిరపడ్డాడని అందరికీ నచ్చింది. పరిమళ కూడా సరేనంది.