గంగారాం గోడ మీద మరక

తలుపు తీయగానే బాలవ్వ కెవ్వుమంది: గడప పక్క గోడ మీద అరచేయంత గుట్కా ఉమ్మి!

అది కరోనా రెండో ఏడు. పర్వత్ పాటియాలోని ఆ బిల్డింగు నిండా తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాల కార్మికులే. ఎవడు ఉమ్మినా ఆ రోజే గది ఖాళీ చేయాలని బిల్డింగు యజమాని, గుజరాతీ మాలిక్ హుకుం. గుట్కా తింటాడని పేరున్నది బాలవ్వ మొగుడు గంగారాం ఒక్కడికే. ఆ పొద్దున మొగుడూ పెళ్లాలిద్దరూ బోనాల విందుకు విస్తళ్లు కుట్టాలనుకున్నారు. డాంగ్ అడవి నుంచి తెప్పించిన మోదుగాకుల కట్ట గడప దగ్గరే ఉంది.

"ఏందయ్యా ఇది?"

"నీ మీద ఒట్టు, నేను మానేసిన!"

"నా మీదెందుకు? నీ గుట్కా మీదనే ఒట్టు పెట్టుకో!"

ఆ అరుపులకు పై గది నర్సింగం దిగొచ్చాడు. బిల్డింగుకు పెద్దమనిషి, మాలిక్ నియమించిన కాపలాదారు. మాస్కు సవరించుకుని గోడను పరీక్షించాడు.

"ఇంకా నిగనిగలాడుతున్నది. తాజాదే," అని మాలిక్‌కు ఫోన్ కొట్టాడు.

ముగ్గురూ కిందికి దిగి మాలిక్‌ను వెంటబెట్టుకొచ్చేసరికి మరక ఎదురు గోడ మీదుంది.

"ఆ గోడ తుడిచి ఈ గోడకు మళ్ల ఉమ్మిండు సేఠ్!" అన్నాడు నర్సింగం.

"నీ పక్కనే ఉంటి గద మామా! ఎప్పుడు ఉమ్మిన?"

"గదే నీ హుషారు."

"గంగారాంభాయ్, రూమ్ ఖాలీ కరో," అన్నాడు మాలిక్.

"నా నోరు చూడుర్రి!" గంగారాం మాస్కు లాగి, నోరు బార్లా తెరిచాడు. మాలిక్ ఒక్క గెంతులో నాలుగు మెట్లు కిందికి పోయాడు. వరండాలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి.

బాలవ్వ కళ్లొత్తుకుని ఫినాయిల్ బకెట్ అందుకుంది. "పోయేటోళ్లం, కడిగే పోతం!" అని గోడకు విసిరికొట్టింది.

మరక రెక్కలు విప్పింది. మాలిక్ నెత్తి చుట్టూ తిరిగి, మోదుగాకుల కట్ట మీద వాలి, రెక్కలు ముడిచి ఎండుటాకులా కలిసిపోయింది. ఆకులతో పాటు వచ్చిన అడవి చిమ్మట పురుగు!

మాలిక్ పగలబడి నవ్వి, "మాఫ్ కరో, గంగారాంభాయ్," అని చేతులు జోడించాడు.

బాలవ్వకు హుషారొచ్చింది. "అగో, మెట్ల మూలకు ఇంకోటి!" చీపురుతో పొడిచింది. కదల్లేదు. మిగిలిన ఫినాయిల్ పోసింది. కదల్లేదు.

"ఇది జర మొండిదున్నట్టుంది," అన్నాడు గంగారాం.

ఆమె మళ్లీ చీపురెత్తింది. నర్సింగం మెల్లగా మాస్కు కిందికి దించాడు. పళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఊకో బిడ్డా. అది ఎగరదు. అది నేను ఉమ్మింది."