నాలుగు సెల్లుల గంట

గ్రంథాలయంలో గుమాస్తాగా పనిచేసే ఆయన్ని ఇంట్లో అందరూ ఇంజినీరు అంటారు. అది మెచ్చుకోలు కాదని ఆయనొక్కడికే తెలియదు. ఆ ఆదివారం పొద్దున ఆయన పథకం చిన్నదే. తొమ్మిదింటి బస్సు దిగే అత్తగారిని వెళ్ళి తీసుకురావాలి. ఈలోపు గుమ్మం ముందు కాళ్ళపట్టా కింద మీట అమర్చాలి. ఆవిడ కాలు పెట్టగానే గంట మోగాలి.

"ఇదీ మోగకపోతే మంచం కింద ఆ అట్టపెట్టె రేపే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా," అంది భార్య.

పదేళ్ళుగా పోగేసిన తీగలు, బల్బులు, బుల్లి మోటార్లు అందులోనే ఉన్నాయి. ఇంజినీరు గబగబా పనిలో దిగాడు.

నాలుగు సెల్లులు పట్టే కొత్త బ్యాటరీ హోల్డర్ సిద్ధంగా ఉంది. సెల్లులే లేవు. దుకాణం తెరిచేది పదింటికి. గోడగడియారంలోంచి ఒకటి, అలారం టైంపీసులోంచి ఒకటి, నాన్నగారు స్నానానికి వెళ్ళగానే ఆయన రేడియోలోంచి రెండు లాగేశాడు. నాలుగింటినీ తలలన్నీ ఒకే వైపుకి పెట్టి హోల్డర్‌లో బుద్ధిగా పేర్చాడు. తీగలు బిగించి, తలెత్తి గోడగడియారం చూశాడు. ఎనిమిదీ పది. బోలెడు టైముంది. హాయిగా ఇంకో కాఫీ తాగాడు. ఆదివారం పేపరు అనుబంధంతో సహా చదివేసి మళ్ళీ చూశాడు. ఎనిమిదీ పదే. ఈ రోజు కాలం భలే కలిసొస్తోందనుకున్నాడు.

ఇంతలో స్నానం, పూజ, ఫలహారం ముగించిన పెద్దాయన లోపలి గదిలోంచి కేకపెట్టాడు.

"ఒరేయ్! నాకు చెవుడొచ్చేసిందిరా!"

కోడలు పరుగెత్తింది. "ఏమైంది మావయ్యగారూ?"

"పెదాలు కదుపుతున్నావు గానీ మాట వినపడట్లేదమ్మా!"

రేడియో ఇయర్‌ఫోన్ తీగలు ఆయన చెవుల్లో బిరడాల్లా దిగి ఉన్నాయి. రోజూ ఉండేవే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. పక్కింటి నర్సమ్మ వచ్చి మూడు వేళ్ళు చూపించింది.

"మూడు!" అన్నాడాయన.

"చూపు బాగానే ఉంది," అని తేల్చింది నర్సమ్మ.

ఇంజినీరుకి రేడియో గుర్తొచ్చింది. నిజం చెబితే పెట్టె పోతుంది. తనూ వెళ్ళి నాన్నగారికి రెండు వేళ్ళు చూపించాడు.

అప్పుడే గుమ్మంలో, సరిగ్గా పట్టా మీద, సూట్‌కేసుతో అత్తగారు ప్రత్యక్షమయ్యారు.

"బస్టాండులో గంటన్నర కూర్చున్నాను బాబూ!"

"ఇంకా ఎనిమిదీ పదే కదండీ!" అని ఆయన గోడ చూపించాడు. అందరూ గోడ చూశారు. తర్వాత ఆయన్ని చూశారు.

"గంట కూడా మోగలేదు," అంది భార్య ప్రశాంతంగా. ఆ ప్రశాంతతకే ఆయనకి చెమటలు పట్టాయి.

అత్తగారు ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు టీచరు. అక్కడే కూర్చుని హోల్డర్ బయటికి లాగారు.

"స్ప్రింగు వైపు సెల్లు అడుగు రావాలి బాబూ. ఒకటి ఇటు, ఒకటి అటు. ఏడో తరగతి పిల్లలకి తెలుసు."

రెండు సెల్లులు తిప్పి పట్టా మీద కాలు పెట్టారు. ఇల్లు అదిరిపోయేలా గంట మోగింది. పెద్దాయన ఎగిరిపడ్డాడు. చెవుల్లో తీగలు ఊడిపోయాయి.

"వినపడుతోంది! నా చెవులు బాగుచేశావురా నాన్నా!" అని కొడుకుని కావలించుకున్నాడు.

ఊడిపడ్డ తీగలు చూసి భార్యకి అనుమానం వచ్చింది. రేడియో మూత తీసి చూసింది. ఖాళీ. మంచం కిందికి వంగింది. అక్కడ పెట్టె లేదు. అత్తగారు అప్పటికే దాన్ని నట్టింట్లోకి లాక్కుని, మోటార్లన్నీ ఒళ్ళో పోసుకుని, చిన్నపిల్లలా మెరిసిపోతున్నారు.

"దీని జోలికి రాకమ్మా. నాకు పనుంది."

"రెండు రోజులే ఉంటానన్నావు కదమ్మా?" అంది కూతురు నీరసంగా.

అత్తగారు గోడగడియారం వంక చూసి, ఎనిమిదీ పదే కదా, తొందరేముందన్నారు.