మైత్రి నోటుకు గాత్రదానం

"ఇకమీదట మనకూ పొరుగు దేశానికీ ఒకటే నోటు. దాని పేరు మైత్రి. మధ్యలో డాలరుకు పని లేదు!"

జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద హాల్లో మంత్రి పట్టాభిరామయ్యగారు ఈ ప్రకటన చేయగానే చప్పట్లు మోగాయి. కరెన్సీ రాష్ట్ర మంత్రి చేతిలోది కాదు కదా అని ఒక విలేఖరి గొణిగాడు. అంత చిన్న విషయం దగ్గర ఆగిపోయే మనిషైతే ఆయన మంత్రే అయ్యేవారు కాదు.

లోటొక్కటే. సంతకం పెట్టడానికి పొరుగు దేశపు ఆర్థిక మంత్రి వచ్చాడు గానీ, ఆయన భాష తెలిసిన దుబాసీ రాలేదు. అతనికి పంపిన అడ్వాన్సు రెండు దేశాల బ్యాంకుల మధ్య పదకొండు రోజులుగా ప్రయాణం చేస్తోంది.

మంత్రిగారి పీఏ హనుమంతు ఫిల్మ్‌నగర్ వెళ్లి డబ్బింగ్ ఆర్టిస్టు సూర్యప్రకాశరావును కార్లో వేసుకొచ్చాడు.

"నాకు ఆ భాష రాదండీ."

"తమిళ విలన్లకు చెప్పినవ్ గదనే, తమిళం వస్తదా?"

"రాదు. కానీ అక్కడ స్క్రిప్టిస్తారండీ."

"గీడ గూడ ఇస్తున్నం. మా సారే రాసిండు. జర పెదాలకు కలుపు, చాలు. మంచిగైతే సర్కారు దుబాసీ పోస్టు నీదే. పర్మినెంట్."

ఎనిమిది నెలలుగా స్టూడియోల్లో అతని గొంతును కంప్యూటరే పలికిస్తోంది. అతన్ని పిలవడం మానేశారు. ఇంట్లో మంచినీళ్లు అడగబోయినా, ఈ గొంతు ఎవరిదా అని అతను ఒక్క క్షణం ఆగుతున్నాడు.

మైకు అందుకున్నాడు.

ముప్పై ఏళ్ల అలవాటు. అవతలివాడి పెదాలు కలిసిన చోట మన ప, బ, మలు పడాలి. అర్థం సంగతి డైరెక్టరు చూసుకుంటాడు.

అతిథి లేచి, జేబులోంచి ఖాళీ మాత్రల రేకు తీసి చూపిస్తూ ఏదో అన్నాడు.

"ఈ మైత్రి మా ప్రజల పాలిట మందు!" అన్నాడు సూర్యప్రకాశరావు.

అతిథి తమ దేశపు నోటు పైకెత్తి, దీనంగా తల అడ్డంగా ఊపాడు.

"ఈ పాత నోటుతో మాకిక పనే లేదు!"

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

అతిథికి చెమటలు పట్టాయి. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముఖాలు చదవడమే సూర్యప్రకాశరావు వృత్తి. ఈ ముఖం అడుగుతున్నదేమిటో అతనికి తెలిసిపోయింది. కాగితం వైపు చూశాడు. 'ఇక్కడ గద్గద స్వరం' అని రాసి ఉంది.

"మా గుండెల్లో మీకు గుడి కట్టాం," అన్నాడు గద్గదంగా.

సభ లేచి నిలబడింది.

సంతకాలయ్యాక అందరూ ఫొటోల మీద పడ్డారు. సూర్యప్రకాశరావు అతిథిని చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న మందుల షాపుకు నడిపించాడు. అక్కడి టీవీలోనూ ఆ సభే. షాపతను రేకు చూసి అవే మాత్రలు తీశాడు. అతిథి తన నోటు చాపాడు.

"గిది నడ్వదు సార్," అన్నాడు షాపతను, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

సూర్యప్రకాశరావు ఫోనుతో స్కాన్ చేసి కట్టాడు. అతిథి మాత్ర మింగి, తేరుకుని, టీవీకేసి చూశాడు. అందులో ముఖం తనది, గొంతు పక్కవాడిది. టీవీని చూపిస్తూ సూర్యప్రకాశరావు చొక్కా పట్టుకుని అరిచాడు.

"ఏమంటుండు సార్?" అడిగాడు షాపతను.

అప్పుడే హనుమంతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో దుబాసీ పోస్టు ఆర్డరు ఉంది. అతనూ జవాబు కోసమే చూస్తున్నాడు.

సూర్యప్రకాశరావు అతిథి నోటికేసి శ్రద్ధగా చూశాడు. పెదాలు రెండుసార్లు కలిశాయి.

"మహా సంబరంగా ఉందంటున్నారు."

సరిగ్గా సరిపోయింది.