మాస్కో విమాన కాలనిర్ణయం

ఢిల్లీ నుంచి మాస్కోకి విమానంలో రెండు పగళ్లు, రెండు రాత్రులు పడుతుందని భిలాయి సెక్టర్ 6 తెలుగు మిత్రమండలి సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకు ముందు ఆ ప్రయాణానికి ఏడు గంటలే పట్టేది.

ఈ ప్రగతికి మూలకారకుడు నరసింగరావు. ఉక్కు కార్ఖానాలో రైలు పట్టాలు సాగదీసే మిల్లులో ఆయన ఉద్యోగం. పని బాగా చేస్తున్నాడని కంపెనీవారు ఆరు నెలల శిక్షణకి రష్యా పంపారు. అప్పటికి మన క్వార్టర్ల వాళ్లలో విమానం ఎక్కినవారు లేరు. పట్టా చల్లారేటప్పుడు వంకర పోకుండా అక్కడివాళ్లు ఏం చేస్తారో మనవాళ్లకి అరటిపండు ఒలిచినట్టు చెప్పాలని తిరుగుదారి పొడుగునా ఆయన వల్లె వేసుకుంటూ వచ్చాడు.

దుర్గ్ స్టేషన్లో మెడలో దండ పడింది మొదలు, పట్టాల గురించి అడిగిన పుణ్యాత్ముడు లేడు. ప్లేను ఎంతసేపు పట్టిందన్నదే అందరి ప్రశ్న. నరసింగరావు ఉన్నమాట చెప్పాడు. తాష్కెంటులో దింపి టీ ఇచ్చిన సమయంతో కలిపి ఏడు గంటలు.

దండ వేసినవాళ్ల మొహాలు వాడిపోయాయి. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ అయితే నలుగురిలోనూ అడిగేసింది.

“ఏటి బాబూ, మా కన్నోరింటికి ఎల్లాలంటే రాయపూర్లో బండెక్కినదాన్ని మర్నాడు గాని పార్వతీపురంలో దిగను. పార్వతీపురం కన్నా రష్యా దగ్గిరేటి?”

దీనికి నరసింగరావు దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడమే రుజువని జనం గ్రహించారు. నాలుగు రోజులు తిరక్కుండా, ఆయన రష్యా వెళ్లనే లేదనీ, ఢిల్లీ అవతల ఏదో షెడ్డులో పెట్టి తెల్లవాళ్లని చూపించి పంపేశారనీ ఓ కబురు సుపేలా బజారులో కూరగాయలతోపాటు అమ్ముడుపోయింది. మిత్రమండలివారు తలపెట్టిన సన్మానం అనివార్య కారణాల వల్ల వాయిదా పడింది.

ఆయన భార్య గౌరీదేవి ఆరు నెలలపాటు ‘రష్యావారి ఆవిడ’గా వెలిగింది. కుళాయి దగ్గర ఆమె బిందె ముందు, పేరంటంలో ఆమె తాంబూలం ముందు. ఇప్పుడు తాంబూలం చివర్లో అందింది, అదీ వక్క లేకుండా. ఆ సాయంత్రం ఆమె భర్తకి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“ఓ పూట ఎక్కువ సెప్తే మీ సొమ్మేటి పోతాది?” అంది. “ఆరు నెల్లు నానొక్కదాన్నీ ఈ ఇంట్లో ఉన్నాను. ఏడు గంటల దూరంలో ఉన్న మనిషి ఓపాలి వొచ్చి సూసెల్లలేకపోనాడేటని అడుగుతున్నారు. ఏటి సెప్పమంటారు?”

మర్నాడు నరసింగరావు డ్యూటీకి వెళుతూ, మొదట ఎదురైన మనిషికి రోజంతా పట్టిందని చెప్పాడు. ఆ మాట సైకిళ్లెక్కి కార్ఖానా గేటు చేరేసరికి రోజున్నర అయింది. సన్మానం మళ్లీ ఖాయమైంది.

మిత్రమండలి అధ్యక్షుడు యజ్ఞనారాయణగారు. తూర్పున విజయనగరం, పడమట నాగపూరు ఆయన చూసిన ప్రపంచానికి ఎల్లలు. కాబట్టి విమానయానం గురించి ఏ సంకోచమూ లేకుండా మాట్లాడగలిగారు.

“సోదర సోదరీమణులారా! రెండు పగళ్లు, రెండు రాత్రులు నేలన్నది కంటికి కనబడకుండా, పప్పన్నమన్నది నోటికి అందకుండా, మన నరసింగరావు తెలుగుజాతి కీర్తిని మేఘాలకు పరిచయం చేశాడు. ఇంతసేపు ఆకాశంలో నిలిచిన వంశం మన జిల్లాలో మరొకటి లేదు!”

సరిదిద్దుదామని నరసింగరావు కుర్చీలోంచి సగం లేచాడు. మొదటి వరసలో, అధ్యక్షులవారి సతీమణి పక్క కుర్చీలో గౌరీదేవి కనిపించింది. కూర్చున్నాడు. ఆయన వినయానికి సభ చప్పట్లు కొట్టింది. తన వంతు రాగానే పట్టాల సంగతి ఎత్తుకున్నాడు గాని, వందన సమర్పణకి వేళయిందని మైకు తీసుకున్నారు.

అంతా సవ్యంగా ఉండగా సెక్టర్ 7 గోపాలం కూడా రష్యాలో శిక్షణ ముగించుకుని వచ్చాడు. కుర్రవాడు, పెళ్లి కాలేదు, బుద్ధి చెప్పేవారు లేరు. ఏడు గంటలన్నాడు.

ఆ మాట నిజమైతే సన్మానం అబద్ధం, కప్పిన శాలువా అబద్ధం, అధ్యక్షోపన్యాసం అబద్ధం. ఇన్ని అబద్ధాలను మండలి భరించలేదు గనక, గోపాలం ఒక్కడే అబద్ధమన్న అభిప్రాయం బలపడింది. వాణ్ణి వెలివేసే విషయం తేల్చడానికి సర్వసభ్య సమావేశం పిలిచారు. కార్ఖానాలో పనిచేసే రష్యా ఇంజనీర్లు కూడా ఏడు గంటలే అంటున్నారని ఎవరో గొణిగారు. వాళ్లు సొంత ఊరికి పోతారు, దారి తెలుసు, త్వరగానే చేరతారని యజ్ఞనారాయణగారు కొట్టిపారేశారు. నిపుణుడిగా నరసింగరావును తీర్పు చెప్పమన్నారు.

గోపాలం ఆయనవైపే చూస్తున్నాడు. అదే ఆకాశంలో అదే దారిన వెళ్లిన మనిషి ఆ హాల్లో ఆయన ఒక్కడే మరి. నిజం చెబితే గౌరీదేవి మర్యాద పోతుంది, చెప్పకపోతే ఈ కుర్రాడు పోతాడు.

“గోపాలం అబద్ధమాడలేదు,” అన్నాడు నరసింగరావు చివరికి. “నిద్దరోయాడు.”

సభ ఊపిరి పీల్చుకుంది. గోపాలం అవునన్నాడు, ఎక్కగానే నిద్ర పట్టేసింది, మెలకువ వచ్చాకే గంటలు లెక్కపెట్టానన్నాడు. తీర్మానం ఏకగ్రీవమైంది. అంతసేపు నిద్రపోగలిగిన ఆరోగ్యానికి అతణ్ణి అభినందించారు కూడా.

బయట సైకిలు నడిపించుకుంటూ గోపాలం పక్కకి వచ్చాడు.

“నిజం సెప్పు అన్నియ్యా. నీకెంత పట్టింది?”

“సన్మానానికి ముందా, తరవాతా?” అన్నాడు నరసింగరావు.

ఆ మరుసటి ఏడు మండలి సభ్యుడు వాసుదేవరావు రష్యాకి బయల్దేరాడు. వైద్యపరీక్షలో ఊపిరితిత్తులు బాగులేవని ఢిల్లీలోనే ఆపేశారు. బావమరిది ఇంట్లో వారం రోజులుండి తిరిగొచ్చాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా, ఎక్కినవాళ్లు స్వార్థం కొద్దీ ఎక్కువో తక్కువో చెప్పుకుంటారు, ఎక్కనివాడికి ఏ స్వార్థమూ ఉండదని మండలి ఆలోచించింది. వాసుదేవరావు నిష్పక్షపాతంగా మూడు రోజులన్నాడు. రెండో రోజు మేఘాల మధ్య స్నానానికి ఎలా దింపుతారో కూడా వివరించాడు. ఆయన్ని మండలి విమానయాన సలహాదారుగా నియమించారు. ఇకమీదట విదేశం వెళ్లేవారు ముందుగా ఆయన ఉపన్యాసం విని తీరాలి.

మొదటి ఉపన్యాసం నాడు నరసింగరావు, గోపాలం ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. స్నానం ఘట్టం ముగియగానే నరసింగరావు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. గోపాలం చేతులు కదలకపోతే మోచేత్తో పొడిచాడు. మైకు పాడై వెనక వరసలవారికి ఒక్క ముక్కా వినబడలేదు. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.