పళ్లు కనబడని ఫోటో

ఆ బుధవారం పొద్దున నవ్వులమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు స్టూడియోకి వెళ్లి ఫోటో దిగాలి. ఆ ఫోటో పట్టుకుని తమ దేశపు పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి, గడువు ముగిసిపోతున్న పాస్‌పోర్టు స్థానంలో కొత్తదానికి దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోవాలి. ఆ రసీదు సాయంత్రంలోగా తను పనిచేసే ల్యాబ్ యజమానికి అందిస్తే, ఆయన దాన్ని జతచేసి వర్క్ పర్మిట్ పొడిగింపుకు పంపిస్తాడు. పాస్‌పోర్టుకు గడువు మిగిలి లేకపోతే పర్మిట్‌ను పొడిగించరు. పర్మిట్ లేకపోతే, వాళ్లు బతకడానికి వచ్చిన ఆ పరాయి దేశంలో ఆమెకే కాదు, ఆమె పర్మిట్ మీద ఆధారపడి ఉంటున్న భర్తకూ, అత్తగారికీ కూడా చోటుండదు. ఆ పర్మిట్ శనివారంతో ముగుస్తుంది.

ఇంత పీకల మీదికి ఎందుకు తెచ్చుకున్నారంటే, ఆ ఇంట్లో కాగితాల పని భర్తది. చలికాలం నుంచీ ఆయన "చూద్దాంలే, బోలెడు టైముంది" అంటూ వచ్చాడు. ఎండలు ముదిరాక ఒకరోజు పాస్‌పోర్టు తెరిచి చూసి, కుర్చీలో కూలబడ్డాడు. అప్పటినుంచి "టైము" అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

నవ్వులమ్మ అసలు పేరు ఆ పాస్‌పోర్టులో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. ఆమె పెదవుల కొసలు పుట్టుకతోనే పైకి తిరిగి ఉంటాయి. ముందు పళ్లు రెండూ లోకాన్ని చూడాలన్న ఆత్రంతో కాస్త బయటికి వచ్చి నిలబడతాయి. జ్వరం వచ్చినా, కోపం వచ్చినా ఆ మొహం నవ్వుతున్నట్టే ఉంటుంది. చేసే పని మాత్రం కట్టుడు పళ్ల ల్యాబ్‌లో. క్లినిక్‌ల నుంచి వచ్చిన అచ్చుల్లో మైనం పోసి, పక్క పన్ను రంగుకు రంగు కలిపి, ఎవరి నోటికి తగ్గ పళ్లు వాళ్లకు తయారుచేస్తుంది. ఊరందరి పళ్లూ సరిచేసే మనిషి తన పళ్ల జోలికి మాత్రం పోలేదు.

యజమాని చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. దీర్ఘకాలం పర్మిట్ రావాలంటే, ఈ ఉద్యోగి లాంటివారు మరొకరు దొరకరని యజమాని ధ్రువీకరించాలి. ఆయన మాత్రం ప్రతి ఏడూ "పనితీరు సామాన్యం" అని రాసి ఊరుకునేవాడు. పెద్ద పర్మిట్ చేతికొస్తే ఆమె ఇంకో ల్యాబ్‌కి ఎగిరిపోతుందని ఆయన భయం. అందుకే ఆమెకు ప్రతిసారీ ఏడాది పొడిగింపే దక్కేది.

స్టూడియో ఆయన మొదటి ఫోటో తీసి కంప్యూటర్‌లో చూసుకుని పెదవి విరిచాడు.

"పళ్లు కనబడుతున్నాయమ్మా. నవ్వుతూ ఉంటే పాస్‌పోర్టుకి తీసుకోరు."

"నేను నవ్వట్లేదండీ. నా మొహమే అంత."

"పోనీ నోరు మూసుకోండి."

మూసుకుంది. పళ్లు లోపలికి వెళ్లాయి కానీ, ఉబ్బిన బుగ్గలతో ఏదో దొంగతనంగా తింటూ దొరికిపోయిన మనిషిలా తయారైంది. తెర మీద తన బొమ్మ చూసుకుని ఈసారి నిజంగానే పగలబడి నవ్వింది. మూడో ఫోటో, నాలుగో ఫోటో కూడా అదే దారి పట్టాయి.

భర్త ముందుకొచ్చాడు. "విచారంగా ఉన్న సంగతి ఏదైనా తలుచుకోవోయ్. మన పెళ్లి గుర్తు తెచ్చుకో."

"అబ్బా, అదొద్దండీ! మీరు తాళి కట్టబోతూ తుమ్మారు చూడండి..." అంటూ ఆమె స్టూలు మీద మెలికలు తిరిగిపోయింది.

ఇక ఆ బాధ్యత అత్తగారు తీసుకుంది. ఆవిడకు కన్నీళ్లు ఎప్పుడూ కళ్ల అంచునే సిద్ధంగా ఉంటాయి. "ఎదురుగా ఇంకోళ్లు ఏడుస్తుంటే నవ్వేవాళ్లుంటారుటే? చూడు" అని కెమెరా పక్కన నిలబడి మొదలుపెట్టింది. మొదట నటనే. తర్వాత పర్మిట్ పోతే సామాన్లు సర్దుకోవడం, విమానంలో మోకాళ్ల నొప్పులు, ఇవన్నీ వరసగా గుర్తొచ్చి నిజమైన ఏడుపే పట్టుకుంది. కొంగు తడిసిపోయింది. అత్తగారి ముక్కు ఎర్రబడి అటూఇటూ అదురుతుంటే చూసిన కోడలు ఆపుకోలేక, "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆపండి!" అని కడుపు పట్టుకుని, మొహం కడుక్కోవడానికి లోపలి గదిలోకి పరుగెత్తింది.

భర్త తల పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అత్తగారు గుండెల మీద చేత్తో కొట్టుకుంటూనే ఉంది. స్టూడియో ఆయన, పెదవుల మధ్య సందు ఎంతుందో చూద్దామని, నవ్వులమ్మ ఫోటోను గోడ మీది పెద్ద తెర నిండా పెద్దది చేశాడు.

సరిగ్గా అప్పుడే ల్యాబ్ డెలివరీ ఆయన, పళ్ల డబ్బాలతో క్లినిక్‌కి వెళ్తూ, స్టూడియో అద్దంలోంచి లోపలికి చూశాడు. తెర మీద నవ్వులమ్మ. దాని ముందు ఏడుస్తున్న ముసలావిడ. తల పట్టుకున్న భర్త. నవ్వులమ్మ మాత్రం ఎక్కడా లేదు. అప్పుడే బయటికొచ్చిన మరో కస్టమర్‌ను ఆపి అడిగాడు.

"లోపల ఏమైందండీ?"

"ఎవరో ఆవిడ ఫోటో అటండీ. ఇదే ఆఖరిదని ఫోటో ఆయన అంటున్నాడు. పాపం, ఆ పెద్దావిడ ఒకటే ఏడుపు."

స్టూడియో ఆయన అన్నది నిజమే. ఇదే ఆఖరిది, ఇంకొకటి తియ్యనని విసుక్కున్నాడు. డెలివరీ ఆయన మాత్రం డబ్బాలతో సహా వెనక్కి తిరిగి ల్యాబ్‌కి పరుగుతీశాడు.

కబురు విన్న యజమాని చేతిలోని అచ్చు బల్ల మీద పెట్టేశాడు. "నిన్ననే అందయ్యా! 'రేపు పని కాకపోతే ఇక నేను ఇక్కడ ఉండను సార్' అంది. నేను పాస్‌పోర్టు గురించి అనుకున్నా. తెలిసే చెప్పింది తల్లి!" అన్నాడు.

అయినా జాగ్రత్తపరుడు కదా, ఆమె ఫోనుకు ఒకసారి చేసి చూశాడు. ఫోను అత్తగారి భుజానికున్న సంచిలో ఉంది. ఆవిడ ఎత్తింది.

"అమ్మా, నేను ల్యాబ్ నుంచి. నవ్వులమ్మ..."

"ఇక్కడ లేదు నాయనా" అని అత్తగారు వెక్కుతూ చెప్పింది. "నాలుగు సార్లు ప్రయత్నించారు, లాభం లేకపోయింది. అంతా అయిపోయింది. ఇక మా గతేం కాను!"

ఆయనకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఉద్యోగి పోతే వెంటనే తెలియజెయ్యకపోతే యజమానికి చిక్కు. ఆయన కళ్లు తుడుచుకుంటూ పర్మిట్ ఆఫీసు వెబ్‌సైటు తెరిచి, కారణం అన్నచోట "మరణం" నొక్కాడు.

స్టూడియోలో నవ్వులమ్మ మొహం తుడుచుకుని మళ్లీ స్టూలు ఎక్కింది. స్టూడియో ఆయన దణ్ణం పెట్టి, "అమ్మా, ఒక్క క్షణం నవ్వకండి" అన్నాడు. అంతలో అత్తగారి సంచిలో ఫోను టింగుమంది. భర్త తీసి చూసి, కళ్లద్దాలు పైకి తోసుకుని, గట్టిగా చదివాడు.

"యజమాని ఇచ్చిన సమాచారం మేరకు మీ వర్క్ పర్మిట్ ఈరోజుతో రద్దయినది. కారణం: మీ మరణం. మీకు మా సానుభూతి."

నవ్వులమ్మ పెదవులు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. కొసలు కిందికి దిగాయి. పళ్లు ఎటు పోయాయో పోయాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త ఎన్నడూ చూడని మొహం అది.

"అదే! అదే మొహం! కదలకు!" అని ఆయన అరిచాడు.

కెమెరా క్లిక్కుమంది. కంప్యూటర్ ఫోటోను మారుమాట్లాడకుండా ఒప్పుకుంది.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే డెలివరీ ఆయన ఎత్తాడు. "అన్నయ్యా, నేను నవ్వులమ్మని" అనగానే అవతల ఏదో కింద పడిన చప్పుడై లైను తెగిపోయింది. మళ్లీ ఎంత చేసినా ఎవరూ ఎత్తలేదు.

"ల్యాబ్ సంగతి తర్వాత. ముందు రసీదు" అంది నవ్వులమ్మ. ముగ్గురూ పాస్‌పోర్టు ఆఫీసుకు పరుగెత్తారు. కౌంటర్‌లో గుమాస్తా ఫోటో చూసి, మనిషిని చూసి, తల ఊపి రసీదు ఇచ్చేశాడు. ఆ రోజు వరసలో అంత గంభీరమైన మొహం మరొకటి లేదు.

అక్కడినుంచి పర్మిట్ ఆఫీసు. అధికారిణి కళ్లజోడు సర్దుకుని అడిగింది.

"చెప్పండి, ఏం పని?"

"నా పర్మిట్ రద్దయిందండీ."

"కారణం?"

"చచ్చిపోయానండీ."

"ఎవరు?"

"నేనే."

అధికారిణి కంప్యూటర్‌లో చూసి, "అవును, ఉంది. కానీ మరణం కేసుల్లో బంధువులు రావాలి కదండీ" అంది.

"నేను బంధువునేనండీ, మొగుణ్ని" అన్నాడు భర్త.

అత్తగారు ముందుకు తోసుకొచ్చి కోడలి చెయ్యి లాగి కౌంటర్ మీద పెట్టింది. "మీరే పట్టుకు చూడండమ్మా. వెచ్చగా లేదూ?"

అధికారిణి పట్టుకు చూసింది. వెచ్చగానే ఉంది. అయినా పెదవి విరిచింది. "బతికే ఉన్నారని రాసుకుంటాను. ఆ పాత పర్మిట్‌ను మాత్రం లేపలేను. ఒకసారి రద్దయితే పొడిగింపు ఉండదు."

"అయితే మా గతేంటండీ?"

"కొత్తది ఇవ్వాలి. ఇన్నేళ్లు పనిచేసినవాళ్లకి కొత్తదంటే అయిదేళ్లకే. దానికి మీలాంటి మనిషి ఇంకొకరు దొరకరని మీ యజమాని ధ్రువీకరించాలి."

భర్త మొహం పాలిపోయింది. "ఆయనా? ఆ మాట చచ్చినా అనడండీ."

అధికారిణి అప్పటికే నంబరు నొక్కేసింది. స్పీకర్‌లో యజమాని గొంతు బొంగురుగా వినిపించింది.

"పర్మిట్ ఆఫీసు నుంచండీ. ఈ కాల్ రికార్డవుతుంది. మీరు ఇవాళ తెలియజేసిన ఉద్యోగిని పనితీరు గురించి..."

"ఏం చెప్పమంటారమ్మా!" అని ఆయన బావురుమన్నాడు. "ఆ చెయ్యి మళ్లీ పుట్టదు. ఆవిడ చేసిన పన్ను పెట్టుకున్నవాళ్లు ఏది సొంతదో ఏది కట్టుడుదో తామే మర్చిపోయేవాళ్లు!"

అధికారిణి టైపు చెయ్యసాగింది. "అంటే ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకోలేరా?"

"పదిమందిని పెట్టుకున్నా లాభం లేదమ్మా. ప్రతి ఏడూ 'సామాన్యం' అని రాసిన ఈ చెయ్యి విరిగిపోవాలి. ఆవిణ్ని ఎప్పుడో విభాగానికి పెద్దని చెయ్యాల్సింది. చెయ్యకుండానే..."

"హోదా: విభాగం అధిపతి" అని అధికారిణి పైకి చదువుతూ కొట్టింది. "ఇదంతా మీకు పంపిస్తున్నాను. సంతకం పెడతారా?"

"కన్నీళ్లతో పెడతానమ్మా."

ఆయన చదవకుండానే పెట్టాడు. సంతకం తెర మీదికి వచ్చింది. అధికారిణి స్టాంపు నొక్కి, ఫోను నవ్వులమ్మ వైపు తిప్పింది.

"సార్, నమస్కారం. నేను నవ్వులమ్మని."

ఆయన సన్నగా, "ఎక్కడినుంచమ్మా?" అన్నాడు.

"పర్మిట్ ఆఫీసు నుంచి సార్."

"అక్కడ కూడా పర్మిట్ కావాలా తల్లీ?"

అధికారిణి కళ్లజోడు తీసేసి బల్ల మీద తల ఆనించి నవ్వింది. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అత్తగారు ఏడుస్తూనే నవ్వింది. నవ్వులమ్మ పళ్లు రెండూ పొద్దుటి చోటికి తిరిగొచ్చి, ఈసారి తమ బంధువులందర్నీ వెంటబెట్టుకుని బయటికొచ్చాయి.

సాయంత్రం ముగ్గురూ ల్యాబ్‌కి వెళ్లేసరికి గుమ్మంలోనే అందరూ నిలబడి ఉన్నారు. డెలివరీ ఆయన మాత్రం తలుపు వెనక నుంచి, ముందుగా నవ్వులమ్మ కాళ్లు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుని బయటికి వచ్చాడు. ఆమె కోసం తెచ్చిన పూలు వృథా కావడం ఇష్టంలేక ఆమెకే ఇచ్చారు. యజమాని ఆమె రెండు చేతులూ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఆ సంతోషం అబద్ధం కాదు. తర్వాత తను దేనిమీద సంతకం పెట్టాడో తీరిగ్గా చదువుకుని, మళ్లీ మొదటినుంచి చదువుకున్నాడు.

"వెనక్కి తీసుకుంటారా సార్?" అంది నవ్వులమ్మ.

ఆయన చుట్టూ చూశాడు. ల్యాబ్ అంతా ఆయన్నే చూస్తోంది. ఏడుస్తూ అన్న మాటలన్నీ నిజమేనని ఆయనకు తెలుసు, ఇప్పుడు అందరికీ తెలుసు.

"తీసుకుంటే నువ్వు మళ్లీ పోతావేమో" అన్నాడు. అని కిటికీ పక్కనున్న పెద్ద బల్ల దగ్గరికి వెళ్లి, తన సామాన్లు తనే పక్కకు జరిపి, ఆమెకు కుర్చీ లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భర్త అందరికంటే ఎక్కువ సేపు కొట్టాడు. కొత్త పర్మిట్ గడువును ఆయన ఆ రాత్రే గోడ మీద రాసిపెట్టాడు.

మర్నాడు ల్యాబ్ నోటీసు బోర్డు మీద యజమాని సంతకంతో ఒక కొత్త నిబంధన వెలిసింది: సిబ్బందిలో ఎవరైనా మరణించినట్టు తెలిసినచో, ముందుగా మరణించినవారితోనే స్వయంగా మాట్లాడి రూఢి చేసుకోవలెను.