ఐలవ్వ వాకిట్లో ఎంపీ గారు

పదకొండింటికి హుస్నాబాద్ మార్కెట్ మైదానంలో సభ. ఢిల్లీ నుంచి పార్టీ పరిశీలకుడు వస్తున్నాడు. జనం నిండుగా కనిపిస్తే డాక్టర్ కరుణాకర్‌రావు గారికి మూడోసారి ఎంపీ టికెట్టు. లేకపోతే అది వరుసకు తమ్ముడైన సంతోష్‌రావుకు పోతుంది. అందుకని ఆ ఉదయం డాక్టరు గారి ఆలోచన చాలా చిన్నది: దారిలో నాలుగిళ్ల వాళ్లకు దండం పెట్టి నేరుగా వేదిక ఎక్కడం.

మొదటి ఇల్లు ఐలవ్వది. నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నది ఓటు కోసమే. కానీ కరీంనగర్‌లో ఇరవై ఏళ్లు వైద్యం చేసిన వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి జరిగాయి.

"నాడి జర జోరుగ కొడుతుందవ్వా. పొద్దటిసంది ఎన్ని చాయ్‌లు తాగినవ్?"

"నువ్వస్తున్నవని పరేషాన్‌ల నాలుగు తాగిన బిడ్డా. సూది ఎయ్యి."

"సూది అవసరం లేదు."

"ఓటుకైతే చెయ్యి పట్టుకుంటివి. సూదికి అవసరం లేదా?"

సూది వెయ్యని వాణ్ణి ఆ ఊళ్లో డాక్టరని ఎవరూ అనరు. పీఏ కుమార్ మెడికల్ షాపుకు పరుగెత్తి బలం సూది తెచ్చాడు. ఐలవ్వ జబ్బ రుద్దుకుంటూ గల్లీలోకి వెళ్లింది. అంతకంటే పెద్ద మైకు ఉండదు.

పక్కింటి కిష్టవ్వ గడపకు అడ్డం కూర్చుంది. "ఆమెకే సూస్తవా సారూ? మేము ఓట్లెయ్యలేదా?"

ఒకరిని చూసి ఇంకొకరిని వదిలేస్తే గల్లీ మొత్తం పోతుంది. డాక్టరు గారు మంచం మీద కూర్చున్నారు. కుమార్ మైదానానికి ఫోన్ చేశాడు. "జనాన్ని ఆపుండ్రి. సార్ ఐలవ్వ ఇంట్ల సూదులేస్తుండు, ఆలస్యమైతది."

అవతలివాడు ఆ మాటను మైకులో యథాతథంగా చెప్పేశాడు. మైదానం లేచి గల్లీకి వచ్చింది.

దిక్కుతోచక కుమార్ డాక్టరు గారి భార్య మనోరమను పిలిపించాడు. "అమ్మా, జర సార్‌ను బయటికి తియ్యుండ్రి."

"గింత మందిని తొక్కుకుంట ఎట్ల తీస్తరు?" అని ఆమె కొంగు బిగించింది. "ఆడోళ్లు గిటు, మొగోళ్లు గటు! ముసలోళ్లు ముందట! ఏయ్, నెత్తినొప్పికి నలుగురెందుకొచ్చిండ్రు? మీరు ముగ్గురు ఇంటికి పోండ్రి!"

పరిశీలకుడు మైదానంలో ఖాళీ కుర్చీలను చూసి, మండిపడుతూ గల్లీకి వచ్చాడు. ముందుకు దూసుకుపోబోతే మనోరమ చెయ్యి అడ్డం పెట్టింది. "లైన్ మే ఆయియే!"

ఆయన నిలబడ్డాడు. వెనకా ముందూ చూసి, హిందీలోనే అడిగాడు, ఇంత జనానికి తలకెంత ఇచ్చారని.

"పైసలిస్తే గింత సేపు నిలబడ్తరా?" అంది మనోరమ. కుమార్ హిందీలో చెప్పాడు.

పరిశీలకుడి ముఖం విప్పారింది. అక్కడికక్కడే ఢిల్లీకి ఫోన్ చేసి, టికెట్టు ఈ ఇంటికే అని ప్రకటించాడు. కుమార్ గట్టిగా ఊపిరి వదిలాడు. పరిశీలకుడు శాలువా తియ్యగానే డాక్టరు గారు వినయంగా తల వంచారు. శాలువా ఆయన తల మీదుగా వెళ్లి మనోరమ భుజాల మీద వాలింది.

"అమ్మ ఢిల్లీకి పోతది సరే గని," కిష్టవ్వ చీర కాస్త పైకెత్తి మోకాలు చూపించింది, "నీకిగ ఫికర్ లేదు గద, జర నిమ్మళంగ సూడు సారూ."

వరుస అప్పటికి బస్టాండు దాటింది.