వెల్లుల్లి వైద్యం

ఆ ఉదయం వెల్లుల్లి వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: అమ్ముడుపోని అరబస్తా సరుకు, భార్య అప్పగించిన పట్టుపురుగుల గది, తనకు తెలియనిది లేదన్న ధైర్యం. కిందటిసారి పురుగులు మెత్తబడి, నల్లబడి పంటంతా పోయింది. ఈసారి ఆ రోగక్రిములు చావడానికి ఆమె మేతగా వేసే మల్బరీ ఆకుకు వెల్లుల్లి నీళ్లు పట్టిస్తోంది. పురుగులు నేడో రేపో గూళ్లు కడతాయి.

"ఏవండీ, అమ్మకి ఒంట్లో బాగాలేదట, చూసి మధ్యాహ్నానికి వచ్చేస్తా. రెండు రెబ్బలు దంచి బిందెడు నీళ్లలో కలిపి, ఆకు మీద చిలకరించండి. ఆరాకే వేయండి."

'రెండు రెబ్బలేనా! ఇంటినిండా సరుకు పెట్టుకుని పిసినారితనమెందుకు?' అనుకున్నాడాయన. రెండు రెబ్బలకే రోగం ఆగితే, గంపెడు వేస్తే వీధిలోకే రాదని లెక్క కట్టాడు. గంపెడూ దంచి ఆకుకు పట్టించి తట్టల్లో పరిచాడు.

ఒక్క పురుగూ ముట్టలేదు. అన్నీ తలలెత్తి తట్టల అంచులకు పాకాయి. మళ్లీ రోగం తగులుకుందని ఆయన తేల్చేశాడు. తప్పు తనది కాకపోతే ఇంకెవరిదో కావాలి. ఆకు పక్కింటి వదిన తోటది.

"వదినా! రోగిష్టి ఆకు అంటగడతావా?" అని గోడ మీంచి అరిచాడు.

"నోరు కడుక్కో మరిదీ! పొద్దున్నే ఏరి కోసిన ఆకది!"

వీధంతా విన్నది. ఆకు కొన్నవాళ్లు ఒక్కొక్కరే మోపులు తెచ్చి ఆమె వాకిట్లో పడేసి పోయారు. వదిన కళ్లు తుడుచుకుంది.

భార్య వచ్చి గది తలుపు తీస్తూనే తుమ్మింది. "పురుగుల్ని చూడమన్నానా, కూర వండమన్నానా?"

తట్టలు దులిపి, వదిన వాకిట్లోని మోపే తెచ్చి పరిచింది. పురుగులు కరువు తీరా నమిలాయి.

"వీటికి రోగం కాదండీ, ఆకలి. అవతల వదిననేమన్నారు?"

చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అరిచిన నోటితోనే, తప్పు మీదేనని వీధంతా చెప్పి రండి."

ఇంటింటికీ వెళ్లాడు. ప్రతి గడపలో ఆయనకంటే ముందు ఆయన చేతుల వాసన వెళ్లింది. చివరికి వదిన ముందు తలొంచుకుని గొణిగాడు.

"తప్పు నాదే వదినా."

"వినపడలా మరిదీ. ఇందాకటంత గట్టిగా!"

అరిచాడు.

మొత్తం మీద పంట దక్కింది, భార్యకు పేరొచ్చింది, వదిన ఆకుకు గిరాకీ పెరిగింది. ఇప్పుడు వీధిలో ఎవరికి జలుబు చేసినా "వెల్లుల్లి డాక్టరుగారున్నారా?" అని ఆయన తలుపే తడుతున్నారు. ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.